రెండో కణుపు

వృత్తి పదకోశం కార్యాలయం, రెండో అంతస్తు
మార్చి 3

మేస్త్రీ గారికి,

నమస్కారం. చేతిపనుల వాళ్లు రోజూ వాడే మాటలతో మేము వేస్తున్న పదకోశంలో ఇప్పుడు 'కీలు' వంతు వచ్చింది. రెండు వస్తువులు కలిసే చోటుకి కర్ర పనిలో ఎన్ని మాటలున్నాయో, వాటిలో ఏది దేనికి దగ్గరో, ఏది దేనికి ఎదురో మాకు కావాలి. మా బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ కీలు అంటే అతుకు అనీ, అతుకు అంటే కీలు అనీ చెప్పి చేతులు దులుపుకున్నాయి.

ఖాళీ చీటీలు జతచేశాం. ఒక్కో చీటీలో మాట, అర్థం, సంబంధిత పదాలు, వాడుక వాక్యం రాయండి. వాడుక వాక్యం మీ పనిలో నిజంగా జరిగిన దాని గురించి ఉండాలి. పనివాళ్లు రాసిన వాక్యంలో ఒక్క అక్షరం కూడా మేము దిద్దం. జరగనిది రాస్తే మాత్రం, ఎందుకు అబద్ధమో చీటీ వెనక రాసి, సంపాదకురాలి సంతకంతో తిప్పి పంపుతాం. ఈ రెండింటికీ మధ్యలో మాకు మూడో దారి లేదు.

మే నెలాఖరుకి పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

ఇట్లు,
ప్రధాన సంపాదకురాలు

(కింద చేత్తో:) నాన్న నీకు పంపిన పెట్టెలో పాత పనిముట్లు ఉండి ఉంటాయి. వాటి పేర్లు కూడా రాస్తే పనికొస్తాయి. - అక్క


కర్ర పని షెడ్డు, రైలు పట్టాల వెనక సందు
మార్చి 19

ప్రధాన సంపాదకురాలు గారికి,

తొమ్మిదేళ్ల తర్వాత అక్క ఉత్తరం రాసిందని చేతులు తుడుచుకుని మరీ కవరు చింపాను. లోపల అచ్చు కాగితం. 'మేస్త్రీ గారికి' అట. ఓట్లప్పుడు వచ్చేవాళ్లు తప్ప నన్నెవరూ గారు అనరు. ఇప్పుడు నువ్వు తోడయ్యావు. క్షేమమా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను.

నాన్న పోయిన రోజు గుమ్మంలో నిలబడి నువ్వన్న మాట గుర్తుందా? 'ఇకనైనా మనసులోంచి తీసెయ్యరా' అన్నావు. చెయ్యి కడుక్కున్నంత తేలిగ్గా అన్నావు. తీసెయ్యలేదు.

పెట్టె సంగతి ఎత్తకు. మేకులు కొట్టి ఎలా వచ్చిందో అలాగే అటక మీద ఉంది. నేను పనికిమాలినవాడినని లోకానికి చాటిన మనిషి పనిముట్లు నాకెందుకు?

చీటీలు మాత్రం పంపుతున్నాను. మాటలు ఏ పాపం చెయ్యలేదు కదా. 'సంబంధిత పదాలు' అన్న గడిని మా షెడ్డు వాళ్లు చూసి నవ్వి, 'మాటకి చుట్టాలు' అన్నారు. అదే రాశాను.

కీలు: రెండు ముక్కలు కలిసే చోటు. కలిశాక కూడా కదలాలి. చుట్టాలు: బందు, మడత. వాడుక: 'డాక్టరు గారి గది తలుపు కిర్రుమంటోందని తలుపే మార్చమన్నారు, కీలులో రెండు చుక్కలు నూనె వేసి వచ్చాం.'

అతుకు: కలిశాక కదలకూడదు. కదిలిందంటే పని చెడినట్టే. చుట్టాలు: కుసి, గాడి, జిగురు. పగవాడు: కీలు. వాడుక: 'బడి బల్ల అతుకు ఊడితే ఎవరో మేకు కొట్టి సరిపెట్టారు, మేకు పీకి, పాత జిగురు గీకి, కుసిని మళ్లీ గాడిలో కూర్చోబెట్టాం.'

కూడలి: ఇది రోడ్ల మాట. మా రంగులాయన మాత్రం కిటికీలో నిలువు చెక్క, అడ్డ చెక్క కలిసే చోటుని సరదాకి అలా అంటాడు. వాడుక: 'కూడలిలో రంగు గడ్డకట్టిందని రంగులాయనకి చీవాట్లు పెట్టాను.'

కణుపు: ఇది కలిపింది కాదు. ఒకే ముక్క పెరిగేటప్పుడు అక్కడ లావెక్కింది. వెదురుకి ఉంటుంది, వేలికి ఉంటుంది. ఊడదు, తెగాల్సిందే. చుట్టాలు: వేలు, ఎముక, తోడబుట్టినవాళ్లు. వాడుక: 'మా అక్క చూడకుండా స్విచ్ వేసింది, నా చూపుడు వేలు రెండో కణుపు దగ్గర తెగిపోయింది.'

ఒక్క అక్షరం కూడా దిద్దం అన్నారుగా.

మేస్త్రీ గారు


వృత్తి పదకోశం కార్యాలయం
మార్చి 27

తమ్ముడికి,

మొదటి మూడు చీటీలు చాలా బాగున్నాయి. కదిలేది కీలు, కదలనిది అతుకు అని ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు. మా ఆఫీసులో ఇద్దరు పెద్దమనుషులు ఆ తేడా మీద నాలుగు నెలలుగా కొట్టుకుంటున్నారు. నీ చీటీ చూపించేసరికి ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి. 'పగవాడు' అన్న గడి పేరు మాత్రం 'వ్యతిరేకం' అని మార్చాను. గడుల పేర్లు మార్చే హక్కు నాది.

నాలుగో చీటీకి ఇంకో వాక్యం రాసి పంపు. వెదురు మీద రాయి. వెదురుకి కణుపులు లేవా ఏమిటి?

ఈ పుస్తకం వెనక పదకొండేళ్ల నా కష్టం ఉంది. నీ పాత కక్షలు రాసుకోవడానికి ఇదేమీ ప్రహరీ గోడ కాదు. ఆ రోజు సంగతి ముగ్గురికే తెలుసు. ఒకరు పోయారు. మిగిలిన ఇద్దరం ఇన్నాళ్లూ నోరు మూసుకుని బాగానే బతికాం. ఇప్పుడేం కొంప మునిగింది?

పైగా నీ వాక్యంలో సగమే ఉంది. నాకు కాలేజీలో సీటు వచ్చిన ఉత్తరం నాన్నకి చదివి వినిపిద్దామని భోజనాల వేళ ఫ్యాక్టరీ మిషన్ గదికి పరుగెత్తుకొచ్చాను. లోపల చీకటి. రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. లైటుది అనుకుని రంపం మిషన్‌ది వేశాను. నువ్వు మెయిన్ స్విచ్ కట్టెయ్యకుండా, ఇరుక్కున్న చెక్క తీస్తానని పళ్ల మధ్య చెయ్యి పెట్టావు. పదిహేడేళ్లవాడివి, అప్పటికి పనిలో చేరి ఎనిమిది నెలలు. ఆ మాత్రం తెలియదా? తప్పు సగం నాది, సగం నీది.

నాన్న పెట్టె విప్పు. ఆయన మీద కోపం పనిముట్ల మీద చూపించడం ఏం పద్ధతి?

అక్క


కర్ర పని షెడ్డు
ఏప్రిల్ 8

అక్కా,

తప్పు సగం సగమా? అయితే వేలు కూడా సగం సగం పంచుకుందాం. నా సగం ఇప్పటికే ఇచ్చేశాను.

మెయిన్ కట్టెయ్యకపోవడం నా తప్పే. ఎప్పుడైనా కాదన్నానా? కానీ నీ సగం ఎక్కడ రాసి ఉంది, చూపించు. ఆ ఫ్యాక్టరీ మిషన్ గది రిజిస్టరులో ఒకే ఒక్క లైను ఉంది. 'పనివాడి స్వంత అజాగ్రత్త వల్ల వేలు కోల్పోయాడు.' దాని కింద ఫోర్‌మాన్ సంతకం. అంటే నాన్న సంతకం. నువ్వు ఆ గదిలో ఉన్నట్టే లేదు. స్విచ్ దానంతటదే గోడ మీద కిందికి దిగినట్టుంది.

ఆ లైను పుణ్యమా అని ఏడేళ్లు నన్ను మిషన్ల ఛాయలకి రానివ్వలేదు. ఏడేళ్లు గరుకు కాగితంతో కుర్చీ కాళ్లు రుద్దాను. నా వెనక చేరినవాళ్లు నా ముందే మేస్త్రీలయ్యారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, 'తొమ్మిదిన్నర' అనేవాళ్లు. తొమ్మిదిన్నరా, టీ తీసుకురా. తొమ్మిదిన్నరా, అటు పోకు, ఉన్నవి కూడా పోతాయి. నేనూ నవ్వేవాడిని. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు.

ఇరవై నాలుగో ఏట గుమాస్తాని బతిమాలి ఆ రిజిస్టరు చూశాను. నేరుగా ఇంటికెళ్లి నాన్నని అడిగాను. ఎందుకలా రాశావని. ఆయన నేల చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజే గడప దాటాను. పదిహేనేళ్లు, ఆయన పోయేదాకా, నేనూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడేం కొంప మునిగిందని అడిగావు కదా, చెబుతున్నాను. ఇక్కడ శిక్షణ కేంద్రంలో మిషన్ల దగ్గర జాగ్రత్తలు నేర్పడానికి మేస్త్రీ కావాలన్నారు. దరఖాస్తు పెట్టాను. ముప్పయ్యేళ్ల అనుభవం చూసి సంతోషించారు, చెయ్యి చూసి పాత రికార్డు తెప్పించారు. స్వంత అజాగ్రత్తతో వేలు పోగొట్టుకున్నవాడు జాగ్రత్తలు ఎలా నేర్పుతాడని తిప్పి పంపారు. రెండోసారి పెడితే, ఆ రోజు గదిలో ఉన్న సాక్షి రాసిస్తే చూస్తామన్నారు. మే పదో తారీఖు దాకా టైమిచ్చారు. బతికున్న సాక్షివి నువ్వొక్కదానివే.

నీ రూలు నువ్వే రాశావు. నా వాక్యం నిజమైతే అచ్చు వెయ్యి. అబద్ధమైతే చీటీ వెనక ఆ ముక్క రాసి, సంతకం పెట్టి తిప్పి పంపు. వెదురు కబుర్లు నాకొద్దు.

తమ్ముడు


వృత్తి పదకోశం కార్యాలయం
ఏప్రిల్ 15 (కార్డు)

చీటీ తిప్పి పంపను. అచ్చు వెయ్యను. నా సొరుగులో ఉంటుంది.

శిక్షణ కేంద్రానికి ఇప్పుడు ఏమీ రాయలేను. పుస్తకం వచ్చే నెలలో ప్రధాన సంపాదకురాలి మీద ఇలాంటిది బయటికి వస్తే పదకొండేళ్ల పని నవ్వులపాలవుతుంది. నా కింద ఆరుగురు పని చేస్తున్నారు. పుస్తకం బయటికి వచ్చాక చూద్దాం. నీకు వేరే చోట పని చూసి పెడతాను.

అక్క


కర్ర పని షెడ్డు
ఏప్రిల్ 22

అక్కా,

కార్డు రాశావు. పోస్టాయన చదివాడు, రంగులాయన చదివాడు, పక్క షెడ్డు వెల్డరు కూడా చదివి నాకు అర్థం చెప్పాడు. నీకు పని నువ్వే చూసుకోగలవురా, మీ అక్కకే చూసిపెట్టాలి అన్నాడు.

నీ రూలులో రెండు దారులే ఉన్నాయి. సొరుగు లేదు.

నీ ఆఫీసు ఎలా ఉంటుందో ఊహించుకోగలను. కిటికీ పక్కన బల్ల, గాజు పెట్టెలో చీటీలు, నువ్వు తలెత్తి చూస్తే ఆరుగురు నిలబడతారు. 'పనివాళ్ల మాటకి విలువిచ్చిన మొదటి మనిషి' అని పేపరులో నీ బొమ్మ వేశారు. ఆ పేపరే కింద పరిచి ఒక బీరువాకి పాలిష్ పెట్టాను. పనివాడు నీ తమ్ముడైతే మాత్రం మాటకి విలువ లేదు.

నీ మీద కన్నా నాన్న మీదే నాకు కోపం ఎక్కువ. నువ్వు స్విచ్ పొరపాటున వేశావు. ఆయన ఆ లైను తెలిసి తెలిసి రాశాడు. మంచం పట్టాడని కబురు వచ్చినా నేను రాలేదు. ఒక గ్లాసు మంచినీళ్లు కూడా అందించలేదు. దానికి నాకు బాధ లేదు.

ఇంకో పద్దెనిమిది రోజులుంది. నీ ఇష్టం.

తమ్ముడు


వృత్తి పదకోశం కార్యాలయం
మే 2

తమ్ముడూ,

'దానికి నాకు బాధ లేదు' అన్న చోట ఆగిపోయాను. నాలుగు రోజులు ఆఫీసుకి వచ్చి, ఆ ఉత్తరం ముందు పెట్టుకుని, ఒక్క చీటీ కూడా తిరగెయ్యకుండా ఇంటికి పోయాను.

ఆ లైను నాన్న రాయలేదు. నేను రాశాను.

నాన్నకి టేపు మీద అంకెలు తప్ప చదువు అంతంతమాత్రమని నీకు తెలుసు. ఆయన రిపోర్టులన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. ఆ రోజు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. ఆయన చొక్కా మీద నీ రక్తం ఇంకా తడిగానే ఉంది. రిజిస్టరు నా ముందు పెట్టి, 'జరిగింది జరిగినట్టు రాయమ్మా. బయటి మనిషిని మిషన్ గదిలోకి రానిచ్చినందుకు నా ఉద్యోగం పోతే పోనీ' అన్నాడు. నా చేతిలో కాలేజీ ఉత్తరం నలిగి ఉంది. ఆయన ఉద్యోగం పోతే నా చదువు అక్కడితో సరి. నేను ఆ లైను రాశాను. చదివి వినిపించమన్నాడు. రాసింది వదిలేసి, ఆయన రాయమన్నదే చదివి వినిపించాను. సంతకం పెట్టాడు.

నిన్ను మిషన్ల దగ్గరికి రానివ్వడం లేదని తెలిసి ఆయన ఆఫీసులో అడిగితే, గుమాస్తా ఆ లైను చదివి వినిపించాడట. ఆ సాయంత్రం నేనుండే హాస్టలుకి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. 'ఇద్దరిలో వాడి పేరు ఎలాగూ పోయింది. నీది కూడా ఎందుకు పోగొట్టడం' అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా చేత ఏ కాగితమూ చదివించుకోలేదు. మందుల చీటీ కూడా పక్కింటాయన చేత చదివించుకునేవాడు.

నువ్వు వెళ్లి అడిగినప్పుడు ఆయన నేల చూసింది నా కోసం. నువ్వు పదిహేనేళ్లు మాట్లాడకుండా ఉన్నది తప్పు చేసిన నాతో కాదు, ఏ పాపం తెలియని మనిషితో. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ ఒక పరీక్షో, ఒక ఉద్యోగమో, ఒక పుస్తకమో అడ్డొచ్చేది. అడ్డొచ్చేవి అని రాశాను చూడు. నేనే అడ్డం పెట్టుకున్నాను.

పనివాళ్ల వాక్యం దిద్దకూడదన్న రూలు నేను ఎందుకు పెట్టానో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. ఎంత మంచి రూలో అని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా తలూపాను.

శిక్షణ కేంద్రానికి నిన్ననే రాశాను. స్విచ్ వేసింది నేనని, రిజిస్టరులో లైను రాసింది నేనని, సంతకంతో పంపాను. నకలు జతచేశాను. 'కణుపు' పేజీ ప్రూఫు కూడా ఇందులోనే ఉంది. నీ వాక్యం ఒక్క అక్షరం దిద్దలేదు. అక్క అంటే ఎవరని మా వాళ్లు అడిగారు. చెప్పాను. ఆరుగురూ ఇంకా నన్ను చూసి నిలబడుతూనే ఉన్నారు కానీ, కాస్త ఆలస్యంగా నిలబడుతున్నారు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

అక్క


కర్ర పని షెడ్డు
మే 20

అక్కా,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. నకలు శిక్షణ కేంద్రానికి పనికొస్తుందని చింపలేదు. వాళ్లు పిలిచారు. వచ్చే నెల నుంచి రమ్మన్నారు. మొదటి పాఠం రాసుకున్నాను: స్విచ్ మీద చెయ్యి వేసేముందు గట్టిగా అరవాలి, లోపలి మనిషి జవాబిచ్చాకే వెయ్యాలి, జవాబు రాకపోతే వెయ్యకూడదు. చెయ్యి పెట్టేవాడు మెయిన్ కట్టేసి పెట్టాలి. అది రెండో పాఠం. నీ సగం ముందు, నా సగం తర్వాత.

నిన్ను క్షమించలేదు. ఆ వేలు పోతే పోయింది, ఏడేళ్ల గరుకు కాగితం కూడా పోనీ. పదిహేనేళ్ల నాన్నని ఎక్కడి నుంచి తెచ్చిస్తావు? కబురు వచ్చిన రోజు నేను రైలెక్కితే ఆయన ఇంకా పదకొండు రోజులు బతికే ఉన్నాడు. మంచం పక్కన నువ్వున్నావు. ఒక్క ముక్క రాసి ఉంటే వచ్చేవాడిని. నీకు పదకొండేళ్ల పుస్తకం మీద ఉన్న బెంగ ఆ పదకొండు రోజుల మీద లేకపోయింది.

మొన్న అటక ఎక్కి పెట్టె దింపాను. మేకులు పీకాను. పనిముట్ల పేర్లు అడిగావు కదా, రాస్తున్నాను. అందులో ఉన్నవి మూడు ఉలులు, అంతే. మూడూ ఒకే సైజు. పిడులు ఆయన స్వయంగా చెక్కినవి. ప్రతి పిడికీ చూపుడు వేలు ఆనే చోట గుంట తీసి ఉంది. మొదటిదాని గుంట మరీ పెద్దది. రెండోది కాస్త కిందికి జరిగింది. మూడోది పట్టుకున్నాను. సగం వేలు రెండో కణుపు దాకా వెళ్లి కూర్చుంది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా ఒరుసుకోలేదు.

కొలత ఎలా తీశాడో తెలియదు. ఆయన్ని నా చెయ్యి ముట్టుకోనివ్వక అప్పటికే పదిహేనేళ్లు.

ముప్పయ్యేళ్లుగా నేను ఉలిని నడిమి వేలితో ఒడిసి పట్టి వంకరగా కొట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు తిన్నగా దిగుతోంది. నిన్నంతా పనికిరాని చెక్క ముక్కల్లో ఊరికే గాడులు తీస్తూ కూర్చున్నాను. రంగులాయన వచ్చి ఏమైందిరా అన్నాడు. దుమ్ము పడిందన్నాను. రెండు కళ్లలోనా అన్నాడు.

ఇంకో చీటీ పంపుతున్నాను. నీ పేజీ ఇంకా అచ్చుకి వెళ్లకపోతే మొదటి వాక్యం పక్కనే వెయ్యి. మొదటిది తియ్యొద్దు. రెండూ ఉండాలి.

కణుపు. వాడుక: 'మా నాన్న ఉలి పిడికి, నా తెగిన కణుపు ఆనడానికి గుంట తీశాడు.'

మూడు ఉలుల్లో మొదటి రెండూ నాకు పట్టవు. ఆయన చేతి గుర్తు నీకు కావాలంటే ఒకటి తీసుకో. పోస్టులో పంపను. వచ్చి తీసుకోవాలి. సందు చివర నీలం తలుపు, తడితే వినిపిస్తుంది.

మిషన్ గదిలోకి మాత్రం అడుగు పెట్టకు.

తమ్ముడు